200డికి వైడ్ లెన్స్: లేపాక్షి, తాడిపత్రి, గండికోట తిరిగేవాళ్లకి ఏది పనికొస్తుంది

తమ్ముడూ, నువ్వడిగింది మిగతావాళ్లకీ పనికొస్తుంది కాబట్టి ముందు నీ ప్రశ్న రెండు ముక్కల్లో చెప్తా. ఉండేది కర్నూలు, కెమెరా కెనాన్ 200డి, దాంతో వచ్చిన 18-55 (అదే కిట్ లెన్సు), తర్వాత కొన్న 50 ఎఫ్1.8 ఉన్నాయి. (18, 55 అనేవి ఎంఎంలు, ఆ అంకె తగ్గేకొద్దీ ఫ్రేములో ఎక్కువ పడుతుంది. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లెన్సులోకి వెలుతురు ఎక్కువ వస్తుంది.) ఈ చలికాలం లేపాక్షి, తాడిపత్రి, గండికోట, వీలైతే హంపి, హైదరాబాద్ పాతబస్తీ తిరగాలని ప్లాన్. "ఎంత వెనక్కి జరిగినా గుడి ఫ్రేములో పట్టట్లేదన్నా" అని మూడు లెన్సులు ముందు పెట్టావు: కెనాన్ 10-18, టోకినా 11-20 ఎఫ్2.8, పెళ్లిళ్ల ఫోటోలు తీసే మీ బంధువు అమ్ముతానంటున్న కెనాన్ 16-35 ఎఫ్4.

నా మాట 10-18. ఎందుకో చెప్తా, ఎక్కడ అది పనికిరాదో కూడా చెప్తా, ఎందుకంటే అది తెలియకుండా కొంటే గండికోట నుంచి వచ్చాక లెన్సునే తిట్టుకుంటావు.

ముందు 16-35ని పక్కన పెట్టేద్దాం. లెన్సు చాలా మంచిదే, దాంట్లో వంక పెట్టడానికి ఏమీ లేదు, కానీ అది ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాకి వైడ్. నీ 200డి సెన్సర్ చిన్నది, ఫుల్‌ఫ్రేమ్‌తో పోల్చాలంటే ఎంఎంని 1.6 తో గుణించాలి. 16 అంటే నీ కెమెరాలో దాదాపు 26, 35 అంటే 56. ఇప్పుడు నీ దగ్గరున్న 18-55 మొదలయ్యేది 29 దగ్గర. అంటే అంత డబ్బు పోసి, 615 గ్రాముల బరువు మోసి, నువ్వు సంపాదించే వెడల్పు పిసరంత. మీ బంధువుకి ఫుల్‌ఫ్రేమ్ ఉంది కాబట్టి ఆయనకి కల్యాణమండపం మొత్తం పట్టింది, నీకు పట్టదు. మొహమాటపడి తీసుకోవద్దు. అదే 10-18 అయితే నీ కెమెరాలో 16 నుంచి 29 వరకు పనిచేస్తుంది, సరిగ్గా నీ కిట్ లెన్సు మొదలయ్యే చోట ఆగుతుంది. బరువు 240 గ్రాములు.

ఇప్పుడు అసలు విషయం. "పట్టట్లేదు" అన్నావు కదా, ఎక్కడ పట్టట్లేదో చూసుకోవాలి. బయట పట్టకపోతే చాలాసార్లు కాళ్లే మందు, ఇంకో పది అడుగులు వెనక్కి పోతే సరిపోతుంది. లోపల పట్టకపోతే వెనక గోడ ఉంటుంది, అక్కడ కాళ్లు ఏమీ చేయలేవు. వైడ్ లెన్సు కొనేది ఆ లోపలి కోసం. మన సీమలో ఆ లోపలి జాగాలు బోలెడు: లేపాక్షి నాట్యమండపం, తాడిపత్రి గుళ్ల ప్రాకారాల లోపలి సందులు, గండికోటలో ధాన్యాగారం, కర్నూలు దాటి తుంగభద్ర అవతలికి పోతే అలంపురంలో నవబ్రహ్మ ఆలయాల మధ్య ఇరుకు.

దీనికి ఒక లెక్క ఉంది, నేను ఎక్కడికెళ్లినా ఇదే మనసులో వేసుకుంటా. కెమెరాని నిలువుగా పట్టుకుని, పైకి ఎత్తకుండా, నేలకి సమాంతరంగా ఉంచావనుకో. 18 ఎంఎం దగ్గర నీ కంటి ఎత్తు నుంచి పైకి ఎంత పడుతుందంటే, నువ్వు నిలబడిన దూరంలో 60 శాతం పైచిలుకు. 10 ఎంఎం దగ్గర, నిలబడిన దూరం కన్నా కాస్త ఎక్కువే. అంటే 20 మీటర్ల గోపురం ఉంటే 18లో దాదాపు 30 మీటర్లు వెనక్కి పోవాలి, 10లో 17 మీటర్లు చాలు. చార్మినార్ 56 మీటర్లు, 18లో తీయాలంటే 88 మీటర్ల దూరం కావాలి, పాతబస్తీలో ఏ వైపు అంత దూరం పోయినా మధ్యలో బండ్లు, ఆటోలు, జనం, గాజుల దుకాణాల బోర్డులు. 10లో 49 మీటర్లు, అది దొరుకుతుంది. ఈ లెక్కతో ఇంట్లో కూర్చునే నీకు కావాల్సిన చోట్ల ఎంత జాగా ఉందో మ్యాపులో కొలుచుకుని చూసుకోవచ్చు.

కెమెరా ఎందుకు ఎత్తకూడదంటే, పైకి ఎత్తగానే నిలువు గీతలన్నీ పైకి పోయేకొద్దీ దగ్గరికి వస్తాయి, గోపురం వెనక్కి పడిపోతున్నట్టు కనిపిస్తుంది. లెన్సు ఎంత వైడ్ అయితే ఈ వంగుడు అంత కొట్టొచ్చినట్టు ఉంటుంది. లైవ్ వ్యూలో, అంటే వెనక స్క్రీన్ మీద చూస్తూ, గ్రిడ్ పెట్టుకుని, దగ్గర్లో ఉన్న స్తంభాన్ని గీతకి కలుపు. సమంగా పట్టుకుంటే కింద సగం నేలే వస్తుంది నిజమే, కానీ ఆ నేలని కత్తిరించెయ్యొచ్చు, 24 మెగాపిక్సెల్‌లో మూడో వంతు పోయినా నష్టం లేదు. లేదంటే ఆ నేలనే వాడుకో. మన గుళ్లలో పరిచేది బండలే కదా, పొద్దున్నే కడిగిన తర్వాత తడి బండ మీద గోపురం ప్రతిబింబం పడుతుంది, కెమెరాని మోకాలి ఎత్తుకి దించి తీస్తే ఆ కింద సగమే ఫోటోకి ప్రాణం అవుతుంది. తప్పనిసరై కాస్త ఎత్తాల్సి వస్తే లైట్‌రూమ్‌లోనో, ఫోన్‌లో స్నాప్‌సీడ్‌లోనో సరిచేసుకోవచ్చు, కాకపోతే సరిచేసేటప్పుడు రెండు పక్కలా కోత పడుతుంది కాబట్టి తీసేటప్పుడే చుట్టూ ఖాళీ వదులు.

ఇప్పుడు లేపాక్షి. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతా, ఎందుకంటే నీ లిస్టులో ఈ లెన్సు డబ్బు పూర్తిగా వసూలయ్యేది ఇక్కడే. 16వ శతాబ్దంలో అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన గుడి, అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ లాగి చూసి వచ్చేస్తారు గానీ, తల పైకెత్తితే మండపం కప్పు మీద విజయనగర కాలం నాటి రంగుల బొమ్మలు ఉన్నాయి. ఆ చీరల అంచులు, జుట్టు ముడులు, పక్కకి తిరిగిన ముఖాల్లో పొడుగ్గా లాగిన కళ్లు, ఇవి బాగా పట్టుకొస్తే నాకు అంతకన్నా సంతోషం లేదు, రంగులు ఇప్పటికే చాలాచోట్ల రాలిపోయాయి.

అక్కడ అందరూ చేసేదేమిటంటే మెడ వెనక్కి వంచి, చేతులు పైకెత్తి, వాలుగా తీస్తారు. బొమ్మ ఒక పక్క పెద్దగా, ఇంకో పక్క చిన్నగా వస్తుంది, చేయి వణికి మసకగా కూడా వస్తుంది. ట్రైపాడ్ వాడదామంటే పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడాల్లో దానికి ముందే అనుమతి ఉండాలి. అందుకని ఇలా చెయ్. అక్కడి సిబ్బందిని ఒక మాట అడిగి, కెమెరాని నేల మీద వెల్లకిలా పెట్టు, లెన్సు సూటిగా కప్పుకి చూసేలా. 200డి వెనక కంటి రబ్బరు పొడుచుకుని ఉంటుంది కాబట్టి సమంగా కూర్చోదు, కింద కండువానో తువ్వాలో మడిచి ఎత్తు సరిచెయ్. స్క్రీన్ పక్కకి తెరిచి, సెల్ఫీకి తిప్పినట్టు పైకి తిప్పితే వంగి చూసుకోవచ్చు. బెల్టు ఫ్రేములోకి రాకుండా కిందికి తొయ్యి. ఎఫ్8, ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందన) 100, స్టెబిలైజర్ (చేతి వణుకుని సర్దేది) ఆఫ్, షట్టర్ ఒకటో రెండో సెకన్లు వచ్చినా పరవాలేదు, బండ కదలదు. 2 సెకన్ల టైమర్ చాలదు, 10 సెకన్లది పెట్టి పక్కకి జరుగు, ఎందుకంటే 10 ఎంఎంలో పక్కన కూర్చున్న నీ తల కూడా ఫోటోలో పడుతుంది. ఇంకా సులువు కావాలంటే కెమెరా కనెక్ట్ యాప్‌తో ఫోన్ నుంచి నొక్కు.

ఇలా తీస్తే సెన్సర్, కప్పు రెండూ సమాంతరంగా ఉంటాయి కాబట్టి బొమ్మ వంకర పోదు. ఎంత పడుతుందో కూడా చూడు: కప్పు 12 అడుగుల ఎత్తులో ఉందనుకుంటే, 18 ఎంఎంలో కప్పు మీద 15 అడుగులు బై 10 అడుగులు మాత్రమే వస్తుంది, 10 ఎంఎంలో 27 బై 18. స్తంభాలు మూలల్లోకి వస్తాయి, అవి రావడమే మంచిది, మండపం ఎత్తు తెలుస్తుంది. ఫ్లాష్ మాత్రం వద్దు. అది రూల్ కాబట్టి చెప్పట్లేదు, రంగులకి మంచిది కాదు, పైగా ఆ వెలుగులో గచ్చు గరుకుతనం అంతా చదునైపోయి ఫోటో కూడా చచ్చిపోతుంది.

అదే లేపాక్షిలో బయట బసవన్న ఉన్నాడు, దాదాపు 27 అడుగుల పొడవు, ఒకే రాయి. అక్కడ 10-18 సంచిలో పెట్టెయ్. దగ్గరికి పోయి 10లో తీస్తే మూతి కొండంత, వెనక శరీరం దూడంత వస్తుంది, ఆ శిల్పి కొలతలన్నీ పాడైపోతాయి. చుట్టూ కావాల్సినంత జాగా ఉంది, వెనక్కి పోయి కిట్ లెన్సులో 35 పైన తీయి, మెడలో గంటల దండలు, మువ్వలు ఎలా చెక్కారో ఎలా ఉన్నది అలా వస్తుంది. దగ్గరిది పెద్దగా, దూరానిది చిన్నగా కనిపించడం మనం నిలబడిన దూరాన్ని బట్టి వస్తుంది, వైడ్ లెన్సు మనల్ని దగ్గరికి లాక్కుపోతుంది కాబట్టి నింద దాని మీద పడుతుంది. నాగలింగం దగ్గరా ఇంతే, ముందు వెనక్కి పో, తర్వాత లెన్సు మార్చు.

తాడిపత్రిలో రెండు గుళ్లు చూడు. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి గోపురాలు పైదాకా కట్టకుండా ఆగిపోయాయి, కాబట్టి ఎత్తు సమస్య లేదు. అక్కడ సమస్య ఆ రాయి మీద అడుగు ఖాళీ లేకుండా ఉన్న చెక్కడం. వైడ్‌లో మొత్తం తీసి ఊరుకుంటే అదంతా గజిబిజిగా కనిపిస్తుంది. ఒక్కటి మొత్తం తీసి, తర్వాత 50 ఎఫ్1.8 తగిలించి ఒక్కో గూడు, ఒక్కో స్తంభం తీయి. చింతల వెంకటరమణ స్వామి గుడిలో రాతి రథంలా ఉన్న గరుడ మండపం ఉంది, దానికి 14, 15 ఎంఎం దగ్గర సరిపోతుంది, 10 దాకా పోవద్దు. ఇక్కడ ఒకటి గుర్తుంచుకో: 10 ఎంఎంలో ఫ్రేము అంచుల్లో ఉన్నది సాగుతుంది. గుండ్రటి చక్రం అంచుకి పోతే కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. రథం చక్రం, గుమ్మటం, మనిషి ముఖం, ఈ మూడూ మధ్యకి దగ్గరగా ఉండాలి. ఇంట్లోవాళ్లని గ్రూపు ఫోటో తీసేటప్పుడు చివర ఎవరిని నిలబెట్టావో వాళ్లు లావుగా పడతారు, అక్కడ గొడవలు రాకుండా 18కి వచ్చెయ్.

గండికోట మీద నీకు ఆశ ఎక్కువ ఉందని తెలుస్తోంది, "లోయ మొత్తం రావాలి" అన్నావు. సూటిగా చెప్తున్నా, లోయకి 10-18 పనికిరాదు. 10లో పెడితే కింద సగం నీ కాళ్ల దగ్గర బండలు, పై సగం ఆకాశం, మధ్యలో పెన్న, అవతలి ఎర్ర కొండగోడ సన్నటి పట్టీ. కళ్లతో చూసినప్పుడు గుండె జల్లుమన్న లోతు ఫోటోలో కాలవంత అవుతుంది. అక్కడ కిట్ లెన్సు 24 నుంచి 35 మధ్య పెట్టుకో, కెమెరా నిలువుగా పట్టుకుని, ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో, వైట్ బ్యాలెన్స్ ఆటో కాకుండా ఎండకి పెట్టి, ఒక్కో ఫోటోకి మూడో వంతు కలిసేలా ఎడమ నుంచి కుడికి ఆరేడు తీసి కంప్యూటర్లో కలుపు. లోయ లోయలాగే వస్తుంది, పెద్ద ప్రింటుకి సరిపోయే సైజూ వస్తుంది. మనిషిని అంచు దగ్గర నిలబెట్టి తీయమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, ఆ అంచుల్లో చాలాచోట్ల రక్షణ గోడ ఉండదు, వైడ్‌లో చూస్తూ వెనక్కి అడుగులు వేయడం మరీ ప్రమాదం, వ్యూఫైండర్‌లో అంచు ఉన్నదానికన్నా దూరంగా కనిపిస్తుంది.

కోట లోపలికి వస్తే మళ్లీ 10-18 రోజు మొదలవుతుంది. జుమ్మా మసీదు కమానుల వరస, ధాన్యాగారం కప్పు, రంగనాథస్వామి, మాధవరాయస్వామి గుళ్ల మండపాలు. స్తంభాల వరస మధ్యలో నిలబడి, రెండు వైపులా గీతలు ఒకే చోటికి పోయేలా తీస్తే ఇంకేమీ చెయ్యక్కర్లేదు. మండపం లోపల చీకటి, బయట కళ్లు చెదిరే ఎండ, కాబట్టి రా (RAW) ఫైల్‌లో తీయి, బయటి వెలుతురు తెల్లగా పేలిపోకుండా ఎక్స్‌పోజర్ తగ్గించి పెట్టు, నీడలు తర్వాత లేపొచ్చు. మరీ తేడా ఉంటే రెండేసి స్టాప్‌ల తేడాతో (ఒక్కో స్టాప్‌కి వెలుతురు రెట్టింపు) మూడు తీసి కలుపు. గాలి, దుమ్ము ఎక్కువ ఉండే చోటు, బయట నిలబడి లెన్సు మార్చవద్దు, గోడ చాటుకి పోయి సంచిలోనే మార్చు.

టోకినా సంగతి. ఎఫ్2.8 అంటే 10-18 వాడే ఎఫ్4.5 కన్నా రెండున్నర రెట్లు వెలుతురు ఎక్కువ, మాట నిజం. కానీ దానికి స్టెబిలైజర్ లేదు, 10-18కి ఉంది. రాయి కదలదు కాబట్టి గుళ్లలో స్టెబిలైజర్‌దే పైచేయి, గోడకి భుజం ఆనించి పావు సెకనులో కూడా 10-18తో చేత్తో తీయొచ్చు. పైగా మండపం తీసేటప్పుడు ముందు స్తంభం, వెనక గర్భగుడి ద్వారం రెండూ స్పష్టంగా రావాలంటే ఎలాగూ ఎఫ్8 దాకా పోతావు, ఇక ఆ 2.8 ఎందుకు? 10 ఎంఎం, ఎఫ్8లో రెండు అడుగుల కాస్త పైన ఉన్న దాని మీద ఫోకస్ పెడితే ఒక అడుగు దూరం నుంచి కనుచూపు మేర దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. ఎఫ్16కి మాత్రం పోకు, ఈ సెన్సర్‌లో అక్కడ పదును తగ్గుతుంది. టోకినా 560 గ్రాములు, ఫిల్టర్ 82 సైజు, రోజంతా మెడలో వేసుకుని తిరిగితే తేడా తెలుస్తుంది.

టోకినా తీసుకోవాల్సిన సందర్భం ఒకటి ఉంది. గండికోటలో టెంట్ వేసుకుని రాత్రి నక్షత్రాలు, పాలపుంత తీయాలని నీకు గట్టిగా ఉంటే అదే తీసుకో. 11 ఎంఎం, ఎఫ్2.8, 15 నుంచి 20 సెకన్లు, ఐఎస్ఓ 3200, కెమెరా కదలకుండా ఏదైనా రాతి మీద. 10-18తో ఆ పని అవుతుంది గానీ ఐఎస్ఓ ఇంకా పెంచాలి, 200డిలో అక్కడ నాయిస్ బాగా కనిపిస్తుంది. అలాగే కడప పెద్ద దర్గా ఉరుసులాంటి రాత్రి జనంలో కదిలే మనుషులకి స్టెబిలైజర్ పనిచేయదు, వెలుతురే కావాలి. కానీ దాని కోసం నీ దగ్గర 50 ఎఫ్1.8 ఉంది, అది టోకినా కన్నా ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది, ముఖాలకీ అదే బాగుంటుంది. తీసే ముందు అడిగి తీయి.

కొనే ముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చెప్తా. చాలా ఫోన్లలో 0.5 అని ఉండే కెమెరా దాదాపు 10 ఎంఎం చూపించినంత, ఇంకొంచెం ఎక్కువే చూపిస్తుంది. సాయంత్రం కొండారెడ్డి బురుజు దగ్గరికి పో, 0.5లో చూడు, తర్వాత నీ 18-55లో చూడు. 0.5లో బురుజుతో పాటు కరెంటు తీగలు, ఫ్లెక్సీలు, ఆగిన బస్సు అన్నీ వచ్చేస్తాయి. ఊరి మధ్యలో వైడ్ వాడితే వచ్చే తలనొప్పి ఇదే, దగ్గరికి జరిగి, కింది నుంచి, పొద్దున్నే ఆరింటికి తీయాల్సి ఉంటుంది. తర్వాత హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ గోరీకి పో, అక్కడ కమానుల కింద నిలబడి అదే 0.5 పెట్టు. తేడా నీకే కనిపిస్తుంది. ఇంకోటి, నీ పాత ఫోటోలన్నీ తెరిచి ఏది 18 దగ్గర తీశావో, వాటిలో నిజంగా ఇంకా వెడల్పు కావాల్సినవి ఎన్నో చూసుకో. ఎక్కువ బయట తీసినవే అయితే హంపి తిరిగొచ్చేదాకా కొనకుండా ఆగొచ్చు, హంపిలో విఠల ఆలయం రాతి రథం చుట్టూ జాగా బాగానే ఉంటుంది, అక్కడ 18 చాలు.

పోలరైజర్ (ఆకాశాన్ని ముదురు చేసే ఫిల్టర్) కొనమని షాపువాళ్లు అంటారు. 10 ఎంఎం మీద వద్దు, ఆకాశం ఒక పక్క ముదురు నీలం, ఇంకో పక్క తెలుపు, మధ్యలో మచ్చలా వస్తుంది. ఆ డబ్బుతో లెన్సు ముందు ఎండ పడకుండా తొడిగే హుడ్ కొనుక్కో, మన ఎండకి అదే అవసరం.

10-18 కొత్తది దొరక్కపోతే సెకండ్ హ్యాండ్ బెంగళూరు, హైదరాబాద్‌లో చూడు, రేపు మిర్రర్‌లెస్‌కి మారినా అడాప్టర్‌తో వాడుకోవచ్చు. నీ కెమెరా తీసుకునే వెళ్లు. ఫోన్ టార్చి లెన్సు వెనక నుంచి కొట్టి ముందు నుంచి చూడు, సాలెగూడులాంటి తీగలు కనిపిస్తే ఫంగస్, వదిలెయ్. ఏదైనా ఇటుక గోడకి ఎదురుగా సమంగా నిలబడి 10లో, ఎఫ్4.5లో ఒకటి, ఎఫ్8లో ఒకటి తీసి నాలుగు మూలలూ జూమ్ చేసి చూడు. నాలుగూ కాస్త మెత్తగా ఉంటే అది ఈ లెన్సు స్వభావం, ఎఫ్8లో సర్దుకుంటుంది. మూడు బాగుండి ఒక్క మూల మాత్రం ఎఫ్8లోనూ మసగ్గా ఉందంటే లోపల గాజు పక్కకి జరిగింది, ఎంత తగ్గించి ఇస్తామన్నా తీసుకోకు. స్టెబిలైజర్ ఆన్ చేసి షట్టర్ సగం నొక్కి పట్టుకో, సన్నటి గుయ్యిమనే శబ్దం మామూలే, టకటకమని కొట్టుకుంటే కాదు. ముందు ఫిల్టర్ మర 67 సైజు, అంచు నొక్కుకుపోయి ఉంటే కింద పడిందని అర్థం, ఆ ఇటుక గోడ పరీక్ష ఇంకోసారి చెయ్.